ఇద్దరికీ ఒక అడ్రసు

ఫ్రాన్స్‌లో ఇల్లు లేకపోయినా అడ్రసు ఉండొచ్చు. మున్సిపాలిటీ సహాయ కేంద్రమో, ప్రభుత్వ అనుమతి ఉన్న స్వచ్ఛంద సంస్థో తన అడ్రసునే మనిషికి రాసిస్తుంది. ఉత్తరాలు అక్కడికే వస్తాయి, మనం వెళ్ళి తెచ్చుకోవాలి. దీన్ని దొమిసిలియాసియోఁ అంటారు. నేనుండేది పారిస్ పక్కనే మోంత్రోయ్‌లో. పోర్త్ ద మోంత్రోయ్ సంత దగ్గర గోడ వారన పడుకునే ఒక రొమేనియా రోమా (బయటివాళ్ళు జిప్సీలనేవాళ్ళు) జంటకి ఈ కాగితం ఇప్పించడానికి వాళ్ళ వెంట తిరిగాను. ఇలాంటి పని నెత్తినేసుకునేవాళ్ళెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పేర్లు రాయను. వాళ్ళలో పెద్దావిణ్ణి బీబీ అని, పెద్దాయన్ని కాకో అని పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. వీళ్ళ సంగతి చెబితే మనవాళ్ళు వెంటనే "మన లంబాడీలేనటగా" అంటారు. రోమానీ భాష పుట్టిల్లు మన దేశమేనని భాషావేత్తలు తేల్చారు గానీ, లంబాడీలతో నేరుగా చుట్టరికం ఉందని మాత్రం తేల్చలేదు. కాకోకి ఆ గొడవే పట్టదు. ఆయనకి తెలిసిన పాత సంగతి ఒక్కటే: 1942లో వాళ్ళ తాతని బూగ్ నది దాకా తోలుకుపోయారు. అప్పట్లో రొమేనియా నియంత ఆంతోనెస్కు ప్రభుత్వం పాతికవేల మంది దాకా రోమాలని ఆ నదికి ఇవతల తాను ఆక్రమించిన ట్రాన్స్‌నీస్ట్రియా ప్రాంతానికి తరలించింది. దాదాపు 11 వేలమంది ఆకలితో, చలితో, టైఫస్‌తో అక్కడే పోయారు. పేరు జాబితాలో రాసుకుంటామనేసరికి ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోవడానికి కారణం అది.

అయినా ఒప్పుకున్నది రాగి కోసం. పారేసిన వైర్లు ఏరుకొచ్చి, కాలివేళ్ళ మధ్య బిగించి పట్టుకుని, చిన్న కత్తితో తొక్క ఒలుస్తాడు. బీబీ పక్కన కూర్చుని ఒలిచిన తీగని ఉండలుగా చుడుతుంది. ఆయన సరిగ్గా ఒలవలేదని వెనక్కి విసిరేస్తుంది కూడా. 2011 నుంచి ఇక్కడ పాత లోహాలు కొనేవాళ్ళు నగదు ఇవ్వకూడదు. చెక్కు ఇవ్వాలి, లేదంటే ఖాతాలో వేయాలి. అడ్రసు లేక వీళ్ళకి ఖాతా లేదు కాబట్టి ఖాతా ఉన్న ఇంకొకడు తన పేరున అమ్మిపెట్టి తన వాటా నొక్కేసేవాడు. రెండో కారణం బీబీకి ఉన్న షుగరు.

రాత్రిళ్ళు వంతులు వేసుకుంటారు. ముందు బీబీ పడుకుంటుంది, కాకో సామాన్ల బండి పట్టుకుని కూర్చుంటాడు. సగం రాత్రి దాటాక మారతారు. కాగితాలన్నీ బీబీ గాగ్రా లోపల నడుముకి కట్టుకున్న సంచిలో ఉంటాయి, కాకోకి వాటిమీద అధికారం లేదు. పారిస్ మున్సిపల్ స్నానాల గదులు 2000 నుంచి ఉచితం. అక్కడా అంతే, ఒకరు లోపలికెళితే ఇంకొకరు బయట బండి దగ్గర కాపలా. ఆమె ఎక్కువసేపు ఉంటుందని ఆయన, ఆయన సబ్బంతా అరగదీస్తాడని ఆమె.

ఆశ్రయం కోసం 115కి ఫోన్ చేయొచ్చుగా అని నన్ను చాలామంది అడిగారు. చేశాం. ఉచిత నంబరే, రాత్రీ పగలూ ఉంటుంది. లైను కలవడానికి ఓపిక ఉండాలి. కలిసిన రోజు మంచాలు దొరికాయి కూడా, ఆయనకి మగవాళ్ళ కేంద్రంలో, ఆమెకి ఊరి అవతలి కొసన ఆడవాళ్ళ కేంద్రంలో. బీబీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఫ్రెంచి రానంత మాత్రాన అర్థం కాకుండా ఏమీ పోదన్నట్టు, "నో, మెర్సీ" (వద్దు, థాంక్స్) అని పెట్టేసింది. బయటివాళ్ళకి ఇది మొండితనంలా కనిపిస్తుంది. పొద్దున్న ఎవరు ఎవర్ని ఎక్కడ వెతుక్కోవాలి? ఆమె మాత్రలు వేసుకుందో లేదో చూసేది ఆయన, కాగితాలు దాచేది ఆమె. విడగొడితే ఇద్దరూ సగం సగం మనుషులే.

ఇక అడ్రసు పని. మొదట వెళ్ళిన సంస్థ, మా కోటా నిండిపోయింది, వెళ్ళండి అంది. అలా నోటిమాటతో పంపేయకూడదు. కాదంటే కారణం చెప్పాలి, ఇంకెక్కడికి వెళ్ళాలో చూపాలి, చట్టంలోనే ఉంది. కారణం రాసివ్వండి అని కాస్త గట్టిగా అడిగాక, ఇంకోచోట అపాయింట్‌మెంట్ వాళ్ళే ఇప్పించారు. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ ఒక్క పని మాత్రం చేయండి, కారణం కాగితం మీద అడగండి.

ఇంటర్వ్యూలో "ఎక్కడ పడుకుంటారు?" అన్నారు. "ఎక్కడా లేదు" అన్నాడు కాకో, పోలీసులకి చెబుతారేమోనని. "సంత గోడ దగ్గర, చెత్త డబ్బాల పక్కన, ఇదిగో ఈయన గురక పెడతాడు" అంది బీబీ. సోషల్ వర్కర్ నవ్వేసి ఆమె చెప్పింది రాసుకుంది. ఈ ఊరితో సంబంధం ఉందని చూపాలి కాబట్టి బీబీ ఆసుపత్రి చీటీలు, మందుల రసీదులు సంచిలోంచి తీసి బల్లమీద పరిచింది. ఒక్కటీ పారేయలేదు!

కాకో గుర్తింపు కార్డు దగ్గర చిక్కొచ్చింది. సొంత ఊళ్ళో ఇంటి పత్రాలు లేనివాళ్ళకి రొమేనియా ఏడాది చెల్లే తాత్కాలిక కార్డే ఇస్తుంది, ఆయనది గడువు దాటింది. రొమేనియాలోని క్రయోవా వైపు బస్సులో వెళ్ళి కొత్తది తెచ్చుకోవాలి. ఒక్కడే వెళితే చవక అని నేను లెక్క వేసి చూపిస్తే, బీబీ నా లెక్క వైపు కూడా చూడలేదు. ఇద్దరూ వెళ్ళొచ్చారు.

కాగితం చేతికొచ్చాక పనులు వరసగా కదిలాయి. పోస్టాఫీసు బ్యాంకులో లివ్రే ఆ అనే పొదుపు ఖాతా 1.50 యూరోలతో తెరవొచ్చు, ఎవరొచ్చి అడిగినా తెరవాల్సిందే. ఎ.ఎం.ఇ అనే వైద్య సహాయానికి మాత్రం ఆగాల్సొచ్చింది. రొమేనియా 2007లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరినా, ఉద్యోగమో తగిన ఆదాయమో లేకుండా మూడు నెలలు దాటితే ఇక్కడ ఉండే హక్కు పోతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ సహాయం అందేది అలా హక్కు పోయినవాళ్ళకే. అన్నాళ్ళుగా ఇక్కడే ఉన్నారని రుజువు కావాలి, దానికి మూడు నెలలు నిండిన మన అడ్రసు కాగితమే సరిపోతుంది. అప్పటిదాకా ఆసుపత్రిలో ఇన్సూరెన్సు లేనివాళ్ళని చూసే విభాగం ఆమెకి మందులిచ్చింది.

ఆ వైద్య సహాయం కౌంటర్‌లో పెళ్ళి సర్టిఫికెట్ అడిగారు. వీళ్ళ పెళ్ళి పెద్దల ముందు జరిగింది, రిజిస్టరు కాలేదు. కలిసి బతుకుతున్నామని తమ మాటమీద రాసి సంతకం పెడితే చాలన్నారు. నేను రాశాను, బీబీ వేలు పెట్టి చూపిస్తూ ప్రతి లైనూ ఏమిటని అడిగి మరీ సంతకం పెట్టింది. కాకో చదవకుండానే పెట్టేశాడు, అందుకు తిట్లు తిన్నాడు.

ఇప్పుడు రాగి డబ్బు ఖాతాలో పడుతోంది. పడుకునేది ఇంకా గోడ దగ్గరే. అడ్రసు కాగితం ఏడాదికే చెల్లుతుంది, మూడు నెలలు మనిషి కనబడకపోయినా, ఫోనైనా చేయకపోయినా పేరు తీసేయొచ్చు. రెన్యూవల్ మార్చిలో. కాకో కార్డు అంతకంటే ముందే అయిపోతుంది కాబట్టి, ఫిబ్రవరిలో మళ్ళీ క్రయోవా బస్సుకి రెండు టికెట్లు చూడాలి.