వలిసె పూల చేలల్లోకి దిగే ముందు

నవంబర్ వచ్చిందంటే మా వైజాగ్ వాళ్ల స్టేటస్‌ల నిండా పసుపు రంగే. అరకు దారిలో వలిసె పూల చేలు, వాటి మధ్యలో నిలబడి ఫోటోలు. ఆ చేను ఎవరో దున్ని, విత్తనం జల్లి పెంచుకున్నదని, ఆ పువ్వు గింజ కడితేనే వాళ్లకి నూనె, నాలుగు డబ్బులు అని చాలామందికి తట్టదు, పార్కులోకి వెళ్లినట్టు నేరుగా దిగిపోతారు. ఒక కారు ఆగితే వెనకాల పది ఆగుతాయి, సాయంత్రానికి రోడ్డు పక్క మొక్కలన్నీ నేలకి అంటుకుపోయి ఉంటాయి. అందుకే ఇప్పుడు కొందరు గిరిజన రైతులు కర్రలు పాతి, తాడు కట్టి మనిషికి ఇంత అని తీసుకుంటున్నారు. దానికి మనవాళ్లు "గిరిజనులు కూడా కమర్షియల్ అయిపోయారు" అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పంట తొక్కినందుకు డబ్బులడిగితే కమర్షియలా? రిసార్టు వాడు ఒక రాత్రి టెంటుకి వేలు గుంజితే ఎవరూ ఆ మాట అనరే!

అరకు, అనంతగిరి, పాడేరు, లంబసింగి ఇదంతా ఐదో షెడ్యూల్ ఏరియా, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో సవరణ చేశారు, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూముల్ని ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజుకివ్వకూడదంది. ఆ గొడవ మొదలైంది ఎక్కడో కాదు, మనం గుహలు చూడ్డానికి వెళ్లే బొర్రా పంచాయతీలోనే. ఇంత చట్టం ఉన్నా కాగితం మీద గిరిజనుడి పేరు, వెనకాల పెట్టుబడి, లాభం పట్నం వాడివి, ఇలా నడిచే వ్యాపారాల గురించి ఏజెన్సీలో ఎవర్నడిగినా చెప్తారు. 2025 మొదట్లో టూరిజం కోసం ఈ చట్టాన్ని సవరించాలని స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు అనేసరికి ఫిబ్రవరిలో ఏజెన్సీ రెండు రోజులు బంద్ అయిపోయింది, చివరికి ముఖ్యమంత్రే సవరించే ఆలోచన లేదని చెప్పాల్సొచ్చింది. అప్పుడు ట్రిప్ క్యాన్సిల్ అయిందని తిట్టుకున్నవాళ్లని చూశాను, ఎందుకు బంద్ చేశారో అడిగినవాళ్లు మాత్రం నాకు కనపడలేదు.

రోడ్ల సంగతి చెప్తే ఇంకా బాధ. వ్యూ పాయింట్ దాకా కారు వెళ్తుంది, అదే జిల్లాలో కొండ మీద ఊళ్లనించి నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకురావడం మనం పేపర్లో ఇంకా చదువుతూనే ఉన్నాం.

మా పిన్నికి చిన్నప్పుడే పోలియో, వీల్‌చైర్‌లోనే తిరుగుతుంది. బొర్రా గుహల్లో అన్నీ మెట్లే కదా, మేమందరం లోపలికెళ్లి వచ్చేదాకా ఆవిడ బయట బొంగులో చికెన్ అమ్మే ఒకావిడ దగ్గర కూర్చుంది. మేం తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఎప్పట్నించో ఎరిగున్నట్టు మాట్లాడుకుంటున్నారు. "ఆవు బిలంలో పడిపోతే ఎతుక్కుంటా ఎల్లి మా పెద్దోళ్లే శివుణ్ణి సూసినారమ్మా" అని ఆవిడ పిన్నికి చెప్తోంది. "ఇప్పుడు సీజన్ ఉంటేనే మాకు బేరం, లేకపోతే పొలం పనే." పిన్ని అడిగింది, "మరి లోపల టికెట్ డబ్బుల్లో మీ ఊరికేమన్నా ఇస్తారా తల్లీ?" ఆవిడ నవ్వి ఊరుకుని బొంగు తిప్పింది. ఆ రోజు నాకు బొర్రా గురించి లోపల గైడ్ చెప్పినదానికంటే బయట వీళ్లిద్దరి దగ్గరే ఎక్కువ తెలిసింది. గుహలో ఏ మూల ఏ రంగు లైటు పెట్టాలో ఆలోచించినవాళ్లు, మెట్లు ఎక్కలేని మనిషి వస్తుందని గానీ, ఆ కొండ మీద పుట్టిన మనిషికి ఒక మాట చెప్పే హక్కు ఉందని గానీ ఆలోచించలేదు. ఈ రెండూ ఒకటే నిర్లక్ష్యం అని నా గట్టి నమ్మకం.

ఇక్కడి గిరిజనుల థింసా నాట్యం గురించి కూడా చెప్పాలి. పండగలకి, పెళ్లిళ్లకి ఊరంతా కలిసి ఆడే ఆట అది, ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని వరసగా కదులుతారు. రిసార్టుల్లో క్యాంప్‌ఫైర్ దగ్గర ఆడించేటప్పుడు తాగున్న మగాళ్లు రీల్ కోసం ఆ వరస మధ్యలోకి దూరి చేతులు పట్టుకుంటారు. డబ్బులిచ్చాం కదా అంటారు. ఇచ్చింది ఆటకి.

కొత్త టెంట్ సిటీ అన్నా, ఇంకోటన్నా ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం ఏదని అడుగుదాం, షెడ్యూల్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పీసా చట్టం గ్రామసభకి అంత విలువ ఇచ్చింది. గుహల దగ్గర కనీసం కొంత దూరమన్నా వీల్‌చైర్ వెళ్లేలా ర్యాంపు వేయమని నేను టూరిజం వాళ్లకి రాస్తున్నాను, మీరూ రాయండి. అలాగే అరకు, పాడేరు వైపు గిరిజన కుటుంబాలే సొంతంగా నడుపుకునే హోమ్‌స్టేలు మీకు తెలిస్తే నాకు చెప్పండి, పిన్నితో ఈసారి అక్కడే దిగుతాం.