టీమ్స్‌లో చెదిరిపోయిన ఫైళ్లను ఒకచోటికి చేర్చిన నా అనుభవం

మా బృందంలోని ఒక సీనియర్ సహోద్యోగి ఉద్యోగం మారుతున్నారని తెలియగానే, మేము ఆఫీసు సంభాషణలకు వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మా ప్రాజెక్టు ఫైళ్లన్నిటినీ సర్దిపెట్టే బాధ్యత నాకు అప్పగించారు. పోస్టు కింద కనిపించే ఫైలు నిజానికి ఆ పోస్టులో ఉండదు. అక్కడ ఉండేది లింకు మాత్రమే. ఛానెల్‌లో (ఒక అంశంపై బృందమంతా మాట్లాడుకునే చోట) జతచేసిన ఫైలు బృందపు షేర్‌పాయింట్ సైటులో, అంటే అందరూ పంచుకునే ఆన్‌లైన్ నిల్వలో, ఆ ఛానెల్‌కు చెందిన ఫోల్డరులోకి చేరుతుంది. చాట్‌లో పంపిన ఫైలు మాత్రం పంపినవారి వ్యక్తిగత ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి పోస్టును తొలగించినా ఫైలు అలాగే ఉంటుంది, ఫైలును తొలగిస్తే పోస్టులో తెరుచుకోని లింకు మిగులుతుంది. బృందంలో కొత్తగా చేరినవారికి మొదటిరోజే చెప్పవలసిన విషయం ఇది.

ఛానెల్ ఫైళ్ల పని త్వరగానే తెమిలింది. ఒకే నివేదిక ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అంటూ వేర్వేరు పేర్లతో పేరుకుపోయి ఉండగా, తాజా ప్రతిని ఉంచి మిగిలినవి తొలగించాను. ఇకమీదట అదే పేరుతో అప్‌లోడ్ చేసి ‘రీప్లేస్’ ఎంచుకోమని అందరినీ కోరాను. అలా చేస్తే పాత ప్రతులు వెర్షన్ హిస్టరీలో భద్రంగా ఉంటాయి.

అసలు సమయం పట్టింది చాట్ ఫైళ్లకే. ఉద్యోగి ఖాతాను తొలగించాక, నిర్వాహకులు గడువును మార్చి ఉండకపోతే, వన్‌డ్రైవ్ 30 రోజులు మాత్రమే నిలిచి ఉంటుంది. అందుకే ఆ సహోద్యోగి పక్కనే కూర్చుని, ఫైళ్లను ఛానెల్ ఫోల్డరులోకి తరలించడానికి, ఆయన వన్‌డ్రైవ్‌లోని ‘మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్ ఫైల్స్’ ఫోల్డరును ఆయన చేతనే తెరిపించాను. ఒక ఒప్పందం ముసాయిదా దగ్గర ఆయన ‘కాపీ టు’ నొక్కబోతుంటే, “సార్, ‘మూవ్ టు’ నొక్కండి, కాపీ చేస్తే చివరి వెర్షన్ ఒక్కటే వస్తుంది” అని ఆపాను. ఏ నిబంధన ఎప్పుడు, ఎవరి చేతిలో మారిందో ఆ పాత వెర్షన్లలోనే ఉంది; అది పోతే ముసాయిదాకు సగం విలువ లేనట్టే.

తరలించిన ఫైలుకు కొత్త చోటి అనుమతులే వర్తిస్తాయి గనుక, ఛానెల్‌లో సభ్యులు కాని ఒకరిద్దరికి వాటిని మళ్లీ షేర్ చేయవలసి వచ్చింది. పాత చాట్‌లలో కొత్త లింకులు కూడా ఉంచాను. తొలగించిన ప్రతులు షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటాయి. ఆలోగా ఏదైనా కావలసినవారు అడగవచ్చని ఛానెల్‌లో పోస్టు పెట్టి, దాన్ని పిన్ చేశాను.