పెచ్చు ఊడిన స్లీవ్

నా టేబుల్ మీద ఒక పంపు స్లీవ్ ఉంటుంది, అంటే షాఫ్ట్ అరగకుండా దాని మీద తొడిగే గొట్టం. సగం నల్లగా మెరుస్తుంది, మిగతా సగంలో స్టీలు బయటపడి కనిపిస్తుంది. ఆరేళ్ల కిందట ఒక కాగితం మిల్లు నుంచి వెనక్కి వచ్చింది. కోటింగ్ వేసింది నేనే. బిగించిన మూడో వారంలో పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది.

మా షెడ్డు బాలానగర్‌లో. లేత్ పనితో మొదలుపెట్టి, పౌడర్‌ని కరిగించి చిమ్మి పొర వేసే ప్లాస్మా గన్ దగ్గరికి వచ్చాను. చుట్టాలు అడుగుతారు, ఈ కోటింగ్ పెయింటు లాంటిదా అని. కాదు. ఆ స్లీవ్‌కి వేసింది క్రోమియం ఆక్సైడ్. అది కరగాలంటే వేడి 2,400 డిగ్రీలు దాటాలి. ఆర్గాన్, హైడ్రోజన్‌లలో ఆర్క్ కొట్టి పుట్టించే ప్లాస్మా 10,000 డిగ్రీలు దాటుతుంది. పౌడర్ రేణువు అందులో ఉండేది సెకనులో వెయ్యో వంతు. ఆలోపే కరిగి, దూసుకెళ్లి, గోడకు కొట్టిన పిడకలా పరుచుకుని అక్కడే గట్టిపడుతుంది. అలాంటి లక్షల పిడకలు ఒకదాని మీద ఒకటి పడితే పావు మిల్లీమీటరు పొర. ఇంత మంట కింద కూడా జాబ్‌ని, అంటే కోటింగ్ వేసే భాగాన్ని, 150 డిగ్రీలు దాటనివ్వం. జాబ్ తిరుగుతూ, గన్ కదులుతూ, పక్కనుంచి గాలి కొడుతూ ఉంటుంది. అందుకే షాఫ్ట్ వంగదు. వెల్డింగ్‌తో నింపితే ఆ భరోసా ఉండదు.

వెల్డింగ్‌లో మాత్రం లోహం లోహంతో కలిసిపోతుంది. ఇక్కడ కలవదు, పట్టుకుంటుందంతే. నున్నటి గోడకు పిడక నిలవదు కదా! అందుకే ముందు అల్యూమినా గ్రిట్‌తో బ్లాస్టింగ్ చేసి, అంటే ఆ గట్టి రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి, పైభాగాన్ని గరుకు చేస్తాం. ఆ తర్వాత చేత్తో ముట్టుకోం. వేలిముద్రలోని జిడ్డు చాలు, పట్టు పోవడానికి.

వెనక్కి వచ్చిన స్లీవ్‌ని లెన్స్ కింద చూశాను. పొర మధ్యలో విరిగి ఉంటే తప్పు స్ప్రేలో ఉందనుకోవచ్చు. అలా లేదు. పట్టు కోసం కింద వేసిన నికెల్ బాండ్ కోటుతో సహా మొత్తం లేచిపోయింది. అంటే స్టీలునే పట్టుకోలేదు. రిజిస్టరు తీశాను. ఆ జాబ్ చేసింది జూలైలో, ముసురు పట్టిన రోజు. పొద్దున బ్లాస్టింగ్ అయింది, గన్‌లో నాజిల్ మార్చాల్సి వచ్చింది, స్ప్రే మొదలయ్యేసరికి మధ్యాహ్నం. అంతసేపూ ఆ గరుకు స్టీలు తడిగాలిలోనే ఉంది. పైగా గాలిలోని నీటిని పట్టే కంప్రెసర్ ట్రాప్‌లో నీళ్లు నిండి ఉన్నాయి. గ్రిట్‌తో పాటు తేమ కూడా కొట్టామన్నమాట. కళ్లకు కనిపించదు, జాబ్ బూడిద రంగులో శుభ్రంగానే ఉంటుంది.

మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ పని చేసిన డిటొనేషన్ గన్ పద్ధతి అంటే నాకు చాలా గౌరవం. గొట్టంలో గ్యాసును పేల్చి పౌడర్‌ని విసురుతుంది, ప్లాస్మా కంటే పట్టు గట్టిగా వస్తుంది. అక్కడైనా బ్లాస్టింగ్ తప్పదు.

మిల్లుకు రెండో స్లీవ్ డబ్బు తీసుకోకుండా వేసిచ్చాం. ఆ రోజు నుంచి బ్లాస్టింగ్‌కి ముందు గాలి గొట్టానికి ఎదురుగా తెల్ల కాగితం పట్టి ఒక నిమిషం చూస్తాం. చుక్క పడితే పని ఆగుతుంది. వానాకాలంలో బ్లాస్టింగ్ అయిన అరగంటలో గన్ వెలగాలి, లేదంటే మళ్లీ బ్లాస్టింగే.

నిన్న కూడా వానే. కాగితం పట్టిన కుర్రాడు "అన్నా, రెండు చుక్కలు" అన్నాడు. ట్రాప్ విప్పి, ఫిల్టరు మార్చేసరికి సాయంత్రం ఆరైంది. పార్టీ రెండుసార్లు ఫోన్ చేశారు, టెన్షన్ పడుతున్నారు. రేపు ఇస్తానని చెప్పి, బ్లాస్టింగ్ మొదలుపెట్టకుండానే షెడ్డు మూసేశాను.