గంగపాయల కూర దొరికిన వేసవి

2019లో అమ్మ రాజమండ్రి నుంచి మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. మేముండేది ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో. ఫ్లాట్‌లో అమ్మకు పొద్దుపోదని, పిల్లల బడి సెలవులు మొదలవగానే పడమటివైపు జేర్స్ ప్రాంతంలో ఒక పల్లెటూరి ఇల్లు మూడు వారాలకు అద్దెకు తీసుకున్నాం. రాతి గోడలు, చుట్టూ పొద్దుతిరుగుడు చేలు.

ఆ జూలైలో ఎండలు మండిపోయాయి. 25న పారిస్‌లోనే 42.6 డిగ్రీలు. ఊళ్లో అందరూ పొద్దున్నే కిటికీల చెక్క తలుపులు మూసేసి చీకటి పడ్డాక తెరిచేవాళ్లు. "రోహిణీ కార్తెలో మా అమ్మా ఇంతే చేసేది" అంది అమ్మ. ఆ రోజు నుంచి ఆమెకు కొత్త పోయింది.

పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉండేది. ఓ పొద్దున టమాటా మడిలో కలుపు తీసి గట్టున పారేస్తోంది. అమ్మ గోడ దగ్గరికి పరుగున వెళ్లింది. "అయ్యో, అది గంగపాయల కూర! మనకిమ్మని అడుగు నాన్నా" అని మా ఎనిమిదేళ్ల వాణ్ణి ముందుకు తోసింది.

వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఫ్రెంచ్‌లోనే. తెలుగులో మాట్లాడమని రెండేళ్లు వాడి వెంటపడ్డాను, కోప్పడ్డాను. వాడికి దాంతో పనేమిటో మాత్రం ఎప్పుడూ చూపించలేదు. ఆ పొద్దున పని పడింది. ఆవిడ ఒడినిండా ఆకు ఇచ్చి, ఎలా వండుతారని అడిగింది. వాడు గోడకు అటూ ఇటూ తిరుగుతూ ఇద్దరి మాటలూ మోశాడు. తాలింపుకి ఫ్రెంచ్‌లో మాట దొరక్క "నూనెలో ఎగిరే గింజలు" అన్నాడు. మధ్యాహ్నం పుల్లపుల్లని పప్పు ఒక గిన్నెడు పక్కింటికి వెళ్లింది.

ఇంకో సంగతి. వాడు ఫోన్‌లో తాతయ్యని కూడా 'నువ్వు' అనేవాడు, ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఆవిడతో మాత్రం ఒక్కసారీ తప్పకుండా ఫ్రెంచ్‌లో మర్యాదగా పిలిచే 'వూ' అనే అంటున్నాడు. ఆ రాత్రి అడిగాను, "ఆవిడని చనువుగా 'త్యు' అనవేం?" "పెద్దావిడ కదా!" అన్నాడు ఆశ్చర్యంగా. "మన 'మీరు' కూడా అదేరా" అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి అమ్మమ్మ?" అన్నాడు. అమ్మమ్మని నువ్వనొచ్చు, ఇక్కడి పిల్లలూ వాళ్ల మామీని, అంటే అమ్మమ్మని, 'త్యు' అనే అంటారు కదా అని చెప్పాను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు "తాతయ్యా, మీరు తిన్నారా?" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అక్కడ జూలైలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. అమ్మా, పక్కింటావిడా బయట బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవాళ్లు. మొదట్లో ప్రతి మాటకీ మావాణ్ణి పిలిచేవాళ్లు. మూడో వారానికి ఒకరు తెలుగులో, ఇంకొకరు ఫ్రెంచ్‌లో వాళ్లంతట వాళ్లే చెప్పుకుంటున్నారు. ఒకరోజు వాడు ముఖం ముడుచుకుని వచ్చాడు.

"అమ్మా, అమ్మమ్మ నన్ను పిలవట్లేదేం?"

తెలుగులోనే అడిగాడు.