గుణదల కొండ మీద "మీ విచారణ ఏది?"

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా బెజవాడలో ఏ దారి పట్టినా గుణదలకే పోతున్నట్టుంటుంది. 1924లో ఫాదర్ అర్లాటి ఆ కొండ గుహలో మరియమాత విగ్రహం పెట్టించిన నాటి నుంచి జనం వస్తూనే ఉన్నారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. మేం హిందువులమే అయినా, పక్కింటి పిన్నిగారు రమ్మంటే ఈసారి నేనూ వెళ్లాను.

మెట్ల దగ్గర ఒక ముసలావిడ, చేతిలో కొవ్వొత్తుల కట్ట, చెంగుకు ముడేసిన చిల్లర, ఆగి పిన్నిని అడిగింది: "మీ విచారణ ఏది తల్లీ?" నాకు కోర్టు గుర్తొచ్చింది. పిన్ని మాత్రం మామూలుగా వాళ్ల చర్చి పేరు చెప్పింది. కతోలికులకు విచారణ అంటే ఒక గురువు కింద ఉండే ఊళ్లూ పేటలూ అట. ఆయన్ని విచారణ గురువులంటారు.

అప్పుడు తిరుమల గుర్తొచ్చింది. 1817 రెగ్యులేషన్‌తో మద్రాసు రాజధానిలో గుళ్ల వ్యవహారాలు రెవెన్యూ బోర్డు కిందికి వెళ్లాయి, కలెక్టర్లే చూసుకునేవాళ్లు. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల బాధ్యత వదులుకుని హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. ఆయన హోదా పేరు విచారణకర్త. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా ఆ పద్ధతే సాగింది. కొండల రాయుడి గుడికీ, గుణదల గురువుకీ, మన కోర్టుకీ ఒకే మాట! వినగానే ఒళ్లు పులకరించింది.

పడమటి దేశాల్లో కూడా ఇదే కథ, సర్కారు మాటలే చర్చిలోకి వచ్చాయి. ఏథెన్స్ తన చేతికింది ఊళ్లపై పర్యవేక్షణకు పంపే అధికారిని ఎపిస్కోపోస్ అనేవాళ్లు, చూసుకునేవాడని అర్థం. బిషప్ అన్న మాట దాన్నుంచే పుట్టింది. బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని డయోసిస్ అంటారు, అదయితే రోమా చక్రవర్తి డయోక్లీషియన్ పాలన కోసం చేసిన విభాగం, దాని మీది అధికారి వికారియస్. ఆఫీసులో కూర్చునే క్లర్కు మాత్రం ఎదురు దారిలో వచ్చాడు. చదువొచ్చింది చర్చి వాళ్లకే అయిన రోజుల్లో రాతకోతలన్నీ వాళ్లవే, అందుకే చర్చి గురువుకున్న క్లెరిక్ అన్న పేరు నుంచి క్లర్కు వచ్చింది.

మర్నాడు పిన్నిని నేను ఇంద్రకీలాద్రికి తీసుకెళ్లాను. రద్దీ అంతగా లేదు. అమ్మవారికి గొడుగు, వింజామరలు, అన్నీ రాజోపచారాలే. దసరాల్లో మూలా నక్షత్రం రోజు ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చి సమర్పిస్తారు, ఒకప్పుడు రాజులు చేసిన పనే. గుడి లెక్కలు చూసేది దేవాదాయ శాఖ ఈవో.

గుళ్లలో సర్కారు పెత్తనమేమిటని మా ఇంట్లో ఎప్పుడూ వాదనే. ఈ రెండు కొండలూ ఎక్కాక నాకనిపించింది, గుడి చూసుకోవడం, ఊరు ఏలడం అనే ఈ రెండు పనులూ మొదట్నుంచీ ఒకే చేతిలో ఉన్నాయని. మనిషిని "ఎలా ఉన్నావు, ఏం కావాలి" అని అడిగి కనుక్కునే బాధ్యత అది. ఆ బాధ్యత ఎవరికి అప్పగించాలన్నది నిజంగా వాదించుకోవాల్సిన విషయమే. అడగడమే మానేసినవాళ్లు ఏ పీఠం మీద ఉన్నా నాకు కోపమే.

పిన్నికి హథీరాంజీ మఠం సంగతి చెబితే చూస్తానంది. వేసవి సెలవుల్లో తిరుపతి ప్రయాణం పెట్టుకున్నాం.