చుక్కమంచు జాతరలో మూడు రోజులు

మా బావకి పెరూ పిచ్చి పట్టింది మాచుపిచ్చు ఫొటోలు చూసి కాదు, బంగాళాదుంపల వల్ల. అక్కడి కొండల్లో రైతులు జూన్‌లో తెల్లవారుజామున లేచి కృత్తికలను చూస్తారట. చుక్కలు పెద్దగా, తేటగా ఉంటే దుంప వేళకి నాటుతారు. మసగ్గా ఉంటే వానలు ఆలస్యమని నాటు వెనక్కి జరుపుతారు. ఇదేదో మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి లేదు. పసిఫిక్ సముద్రం వేడెక్కి అక్కడ వానలు తగ్గే ఎల్‌నినో ఏళ్లలో బాగా ఎత్తున పల్చటి మబ్బు పరుచుకుంటుందని, అది కంటికి ఆనకపోయినా చుక్కల్ని మసకబారుస్తుందని 2000లో శాస్త్రవేత్తలు లెక్కలు తీసి చెప్పారు.

"ఏరా, మా తాత చూసే పిల్లలకోడే కదరా ఇది! అక్కడ దాన్ని గాదె అంటారట. పోదామా?" అన్నాడు బావ. ఆయనది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు. అక్కతో కలిసి డల్లాస్‌లో మనవడి దగ్గరికి వచ్చి నెల కాలేదు. "మీరు కొండలెక్కండి, నేను పిల్లాణ్ని చూసుకుంటా" అని అక్క తప్పుకుంది. నాకు ఆఫీసులో నేర్చుకున్న నాలుగు స్పానిష్ ముక్కలు ఉన్నాయి కాబట్టి నన్ను తోడు తీసుకున్నాడు.

మేం వెళ్లింది కొయ్యుర్ రిత్తి అనే జాతరకి. కెచువా భాషలో కొయ్యుర్ అంటే చుక్క, రిత్తి అంటే మంచు. పెరూలో కుస్కో నగరానికి తూర్పున, ఔసంగాతె కొండల వరసలో, సినకారా లోయలో జరుగుతుంది. ఈస్టర్ ఎప్పుడొస్తే దాన్నిబట్టి మే చివర్లోనో జూన్‌లోనో వస్తుంది. 2025లో జూన్ 15 ఆదివారం నాడు మొదలైంది. పైకి ఇది క్రీస్తు జాతర. కానీ ఏప్రిల్ చివర్లో సూర్యుడి వెలుగులో మునిగిపోయిన కృత్తికలు మళ్లీ తూర్పున పొడిచే రోజులు కూడా ఇవే. మనకి మే నెలలో కృత్తిక కార్తె వస్తుంది కదా. సూర్యుడు కృత్తికల్లో ఉన్నాడని అర్థం, అంటే ఆ చుక్కలు కంటికి కనపడని రోజులు. మనం సూర్యుడు చేరడాన్ని లెక్కపెడితే వాళ్లు చుక్కలు బయటపడటాన్ని లెక్కపెట్టారు. విమానంలో బావ ఈ సంగతి కాగితం మీద గీసి మరీ నాకు పాఠం చెప్పాడు.

ముందు రెండు రోజులు ఒంటికి ఎత్తు అలవాటు కావాలని కుస్కోలో ఉన్నాం. అక్కడ కోరికాంచా చూశాం. పేరుకి అర్థం బంగారు ప్రాంగణం. ఇంతి, అంటే సూర్యుడికి, స్పానిష్ వాళ్లు రాకముందు ఆ దేశాన్ని ఏలిన ఇన్కాలు కట్టిన పెద్ద గుడి. చంద్రుడికి, చుక్కలకి, ఉరుముకి, ఇంద్రధనుస్సుకి కూడా అందులో తలా ఒక గది ఉండేది. గోడలకి కొట్టిన బంగారు రేకుల్ని 1533లో అతావల్ప రాజు విడుదల సొమ్ము కోసమని స్పానిష్ వాళ్లు ఊడబెరికారు. బంగారం పుచ్చుకున్నారు, రాజునీ చంపారు. ఆ గోడల మీదే చర్చి కట్టారు. 1950లో భూకంపం వస్తే చర్చి చాలావరకు దెబ్బతింది, సున్నం చుక్క లేకుండా పేర్చిన ఇన్కా గోడ మాత్రం అలాగే నిలబడింది. బావ ఆ రాళ్ల అతుకు మీద వేలు పెట్టి రాస్తూ చాలాసేపు కదల్లేదు. గోరు కూడా దూరలేదు.

నాకు ఎక్కువగా నచ్చింది గోడ కాదు, ఆ గుడి నుంచి నాలుగు దిక్కులా బయల్దేరే కంటికి కనపడని గీతలు. సెకె అంటారు. 17వ శతాబ్దంలో బెర్నాబె కోబో అనే పాదిరీ రాసిపెట్టిన లెక్క ప్రకారం ఆ గీతల మీద 328 వాకాలు ఉండేవి. వాకా అంటే దేవుడి విగ్రహమే కానక్కర్లేదు. ఒక ఊట, ఒక బండ, దారి మలుపు, ఏదైనా కావచ్చు. ఏ వాకాకి ఏ కుటుంబం పూజ చెయ్యాలో వంతులుండేవి. చనిపోయిన రాజుల ఎండిన దేహాలు కూడా వాళ్లకి దేవుళ్లే. పండగలకి పల్లకీలో మోసుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, మొక్కజొన్న కల్లు పోసేవాళ్లు. ఆ రాజు భూములు కూడా ఆయన పేరునే ఉండేవి. "అంటే చచ్చినా పట్టా మారదన్నమాట" అన్నాడు బావ.

ఆదివారం పొద్దున వ్యానులో మావయాని అనే ఊరు చేరాం. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్ల నడక. గుడి ఉన్న చోటు సుమారు 4,600 మీటర్ల ఎత్తు. బావ గుర్రం ఎక్కాడు, నేను బడాయికి పోయి నడిచాను. పది అడుగులకోసారి ఆగాలి, ఆగితే చలి. చెవుల్లో గుండె చప్పుడే వినిపిస్తోంది. మా వెనక పెద్ద డోలు వీపున వేసుకున్న ఒక ముసలాయన పాడుతూ మమ్మల్ని దాటుకుని పోయాడు. మా గైడు నలభై దాటిన మనిషి, ఆ పక్క ఊరివాడే. "ఇంకెంత దూరం?" అని ఎప్పుడడిగినా "ఇదిగో, ఇక్కడే" అంటాడు. "ఇన్కాల దేశంలో ఇంకా అనే మాట మర్చిపోరా" అని గుర్రం మీద నుంచి బావ జోకులు.

లోయలోకి దిగేసరికి చెవులు హోరెత్తాయి. ఎటు చూసినా నీలం ప్లాస్టిక్ గుడారాలు, ఇత్తడి బాకాల బృందాలు. ఎవరి పాట వాళ్లది, రాత్రీ పగలూ ఆపరు. మాకు బుక్ చేసినవాళ్లు మాత్రం మంచుకి తట్టుకునే పడక సంచులని డబ్బు తీసుకుని దుప్పట్లాంటివి ఇచ్చారు. వాళ్లని తిట్టుకుంటూనే రెండు రాత్రులూ గడిపాం.

ఈ జాతరకి చెప్పే కథ 1780 నాటిది. మరియానో అనే పిల్లవాడు కొండ మీద ఉన్నినిచ్చే అల్పాకాలు మేపుతుంటే మాన్యుయెల్ అనే తెల్లటి కుర్రాడు కనిపించి స్నేహం చేశాడు. రొట్టె పెట్టేవాడు. మంద పెరిగింది. ఆ కుర్రాడి బట్ట ముక్క చూస్తే బిషప్పులు తొడిగే గుడ్డ. పెద్దలు పట్టుకోబోతే కళ్లు చెదిరే వెలుగు వచ్చింది, కుర్రాడు మాయమై అక్కడ చెట్టు మీద శిలువ ఆకారం మిగిలింది. మరియానో అక్కడే ప్రాణం విడిచాడు, అతన్ని ఆ బండ కిందే పాతిపెట్టారు. ఇప్పుడు ఆ బండ మీదే క్రీస్తు బొమ్మ, దాని చుట్టూ గుడి. 1780 అంటే ఇన్కా వంశస్థుడైన రెండో తుపాక్ అమారు స్పానిష్ వాళ్ల మీద తిరగబడిన ఏడాది కూడా. నా మటుకు నాకు ఇది కాకతాళీయం అనిపించదు. కొండ దేవుడికి కొత్త పేరు పెట్టి కాపాడుకున్నారనే అనిపించింది.

జాతరకి పోలీసులు ఎలుగుబంట్లు. ఉకుకు అంటారు, సగం ఎలుగు సగం మనిషి. ఒంటి నిండా వేలాడే ఉన్ని పోగుల అంగీ, ముఖానికి అల్లిన ముసుగు, చేతిలో కొరడా, మెడలో ఈల. గొంతు సన్నగా చేసి కీచుగా మాట్లాడతారు. సరదా మనుషులనుకుంటే పొరపాటు. అక్కడ మందు నిషేధం, దొరికితే కొరడా తగులుతుంది. బావ ముక్కుకి కండువా చుట్టుకుని గుడి ముందు వరస దాటి నిలబడితే ఒక ఉకుకు వచ్చి కీచుమంటూ వెనక్కి తోశాడు. ఆ కళ్లు మాత్రం ముసుగులోంచి నవ్వుతున్నాయి.

సోమవారం పొద్దున గైడు మమ్మల్ని ఒక బండ పక్కన కూర్చోబెట్టి కింతు చేయించాడు. సంచిలోంచి కోకా ఆకులు తీసి, చిరిగినవి, మచ్చ ఉన్నవి పక్కన పడేసి, మంచివి మూడు ఏరాడు. పచ్చ వైపు పైకి ఉండేట్టు ఒకదాని మీద ఒకటి విసనకర్రలా పేర్చి, తొడిమలు రెండు వేళ్లతో పట్టుకుని, నోటి దగ్గర పెట్టుకుని ఔసంగాతె పేరు, ఇంకా ఏవో కొండల పేర్లు పలికి మెల్లగా ఊదాడు. కొండ దేవుళ్లని అపు అంటారు, నేలతల్లిని పచమామ. మా చేతికీ మూడేసి ఆకులిచ్చి "మీ కొండ పేరు చెప్పండి" అన్నాడు. నేను తడబడ్డాను. డల్లాస్‌లో కొండలు లేవు. బావ మాత్రం వెంటనే "శ్రీశైలం" అని ఊదేశాడు.

కొంచెం పైకి వెళితే బొమ్మల సంత. బెత్తెడు ఇళ్లు, లారీలు, దొంగ నోట్ల కట్టలు, డిగ్రీ సర్టిఫికెట్లు కూడా అమ్ముతున్నారు. ఏది కావాలో దాని బొమ్మ కొనుక్కుని, కన్య మరియ బండ దగ్గర రాళ్లతో చిన్న చిన్న ఇళ్లు, పాకలు, పశువుల దొడ్లు కట్టుకుంటారు. మన కొండ గుళ్ల మెట్లదారిలో సొంతిల్లు కావాలని రాయి మీద రాయి పేర్చడం చూసిన మాకు ఎవరూ వివరించాల్సిన పని పడలేదు. ఒకామె తన బొమ్మ స్థలానికి బొమ్మ రిజిస్ట్రేషన్ చేయించుకుంటోంది. దస్తావేజు మీద స్టాంపు కూడా కొట్టారు.

ఆ రాత్రి ఉకుకులు హిమానీనదం మీదికి ఎక్కారు. చీకట్లో దీపాల గొలుసు పైకి పాకింది. మంచులో మోక్షం లేని పాపుల ఆత్మలు తిరుగుతాయని, వాటితో పోట్లాడి నెగ్గుకురావాలని నమ్మకం. ఒకప్పుడు వీపున మంచుగడ్డలు కట్టుకుని దిగేవాళ్లు. ఆ కరిగిన నీళ్లు మందని జనం ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. మంచు ఏటేటా వెనక్కి తగ్గిపోతుంటే ఆ ఆచారాన్ని వాళ్లే మానుకున్నారు. గైడు చెయ్యి చాపి చూపించాడు. తన చిన్నప్పుడు మంచు అంచు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఎక్కడుందో. మధ్యలో అంతా నల్లటి రాతినేల. మంగళవారం తెల్లవారాక ఉకుకులు ఉత్త చేతులతో దిగి వచ్చారు. కింద ఉన్న జనం మోకాళ్ల మీద కూర్చున్నారు.

కృత్తికలు మాత్రం లోయలో కనిపించలేదు. రెండు రోజులూ నాలుగున్నరకే లేచి వణుకుతూ నిలబడ్డాం. తూర్పున కొండ అడ్డం. చుక్కలు కొండ దాటి పైకొచ్చేలోపు ఆకాశం తెల్లబడిపోయేది. బావ ముఖం చూస్తే జాలేసింది.

బుధవారం తెల్లవారకముందే మావయాని నుంచి కుస్కోకి బయల్దేరాం. దారిలో ఒక కనుమ మీద డ్రైవర్ కిందికి దిగడానికి వ్యాను ఆపాడు. నేను అటు తిరిగి నిలబడి ఉంటే బావ గట్టిగా అరిచాడు. ఔసంగాతె పక్కగా, గుప్పెడు చుక్కలు. నాకు అద్దాలు పెట్టుకున్నా అయిదే దొరికాయి. బావ ఆరు లెక్కపెట్టాడు, "ఆరుగురు తల్లులూ ఉన్నార్రా" అన్నాడు. గైడుని పిలిచి, పెద్దగా ఉన్నాయా మసగ్గా ఉన్నాయా, ఈసారి దుంప ఎప్పుడు నాటాలి, అడగమని నా వెంట పడ్డాడు.

గైడు పైకి ఒక చూపు చూసి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. "చూడాల్సింది ఇవాళ కాదు. జూన్ 24, సాన్ హువాన్ పండగ రోజున. ఇంకా ఆరు రోజులుంది" అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. బావ క్షణం ఆలోచించి, "అయితే టికెట్లు మార్చుకోవడానికి ఎంతవుతుందో చూడు" అన్నాడు. నేను విననట్టు వెళ్లి వ్యానులో కిటికీ పక్కన కూర్చున్నాను.