కోళ్ల గూడు రిపేరు

పైకప్పు పైకి లేచి, పక్కలకి గుడ్డ ఉండే పాత క్యాంపర్ పెట్టె (పికప్ బండి వెనక పెట్టుకొని లోపల పడుకునే గది లాంటిది) ఒకటి కొని, బండి మీదకి ఎక్కించి అనంతపురం తెచ్చినప్పుడు మా జేజి చూసి "ఇదేం కోళ్ల గూడురా నాయనా" అనింది. తప్పేం లేదు, పక్కల గుడ్డంతా బూజు, వాసన కూడా అలాగే ఉండింది.

వారమంతా లీకేజీతోనే సరిపోయింది. నీళ్లు దూరేది ఒకచోట, బొట్టు పడేది ఇంకోచోట. పైన మా వాడు బకెట్‌తో పోస్తుంటే నేను లోపల టార్చ్ పట్టుకొని వెతికితే, గాలి కిటికీ చుట్టూ ఉన్న స్క్రూల దగ్గర దొరికాడు దొంగ, నీళ్లు దూరేది అక్కడే. బద్ధకించి పాత సీలెంట్ (సందులు మూసే జిగురు) మీదే కొత్తది పూశా, మళ్లీ కారింది. మొత్తం గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పూస్తేనే ఆగింది.

ఫ్యాన్ లేకుండా మా ఎండల్లో ఎవరు పడుకుంటారు? 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీ పెట్టా, అంటే దాదాపు 1200 వాట్ అవర్లు, 30 వాట్ల ఫ్యాన్ పది గంటలు తిరిగినా 300 మాత్రమే. పెట్టెను మాత్రం బోల్టులు విప్పి దింపేలానే ఉంచాం, బండి ఆకారం మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి, ఆ టెన్షన్ మనకెందుకు.

మొదటి ట్రిప్పు గండికోట. రాత్రి గాలికి గుడ్డ పటపటా కొట్టుకుంటుంటే మా ఆవిడ కప్పు దించేయమంది. దించితే కూర్చోడానికి లేదు. అందరం పడుకునే అన్నం తిన్నాం.